క్షేమంగా దిగిన బస్తా

అగ్నిప్రమాదం జరిగినప్పుడు నడవలేనివారిని మెట్ల మీదుగా కిందికి దించడంలో మా కార్యాలయ సిబ్బంది సంపూర్ణ శిక్షణ పొందారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

మా నాలుగో అంతస్తులో నడవలేనివారు ఒక్కరే. రికార్డుల గదిలో పనిచేసే చక్రాల కుర్చీ ఆవిడ. శిక్షణంతా ఆవిడ కోసమే కనుక ఆవిడను ఇబ్బంది పెట్టకూడదని, ఆవిడ స్థానంలో ఒక ఇసుక బస్తాను నియమించారు. దానికి చొక్కా తొడిగి, మెడలో గుర్తింపు కార్డు వేశారు. కార్డు కోసం ఆవిడ దరఖాస్తు పెట్టి ఏడాదిన్నర అయింది. బస్తాకు ఆ పూటే వచ్చింది.

"అదృష్టమంటే దానిదే, చేరిన రోజే పర్మనెంటయింది," అన్నాడు అటెండరు.

"నేనిక్కడే ఉన్నాను కద సార్, నన్నే దించి నేర్చుకోవచ్చుగా?" అని ఆవిడ అడిగింది.

"కొత్తలో చేతులు జారతాయమ్మా. బస్తా అయితే పడ్డా ఏమీ అనదు," అని భద్రతాధికారి నచ్చజెప్పి, మానవత్వం గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. రెండుచోట్ల ఆగి కళ్లద్దాలు తుడుచుకున్నారు. చివరిదాకా నిద్రపోకుండా విన్నది బస్తా ఒక్కటే.

నలుగురం ఎంపికయ్యాం. ఆరుసార్లు పడేసి, ఏడోసారి పడేయకుండా దించాం. బస్తాను తగిన మర్యాదతో నాలుగో అంతస్తులోనే, ఆవిడ గది పక్కన ఉంచారు.

నెల తిరక్కముందే కింద కరెంటు గదిలో నిజంగానే మంటలు లేచాయి. గంట మోగింది, లిఫ్టు ఆగింది. మేం క్షణం వృథా చేయలేదు. తలవైపు ఇద్దరు, కాళ్లవైపు ఇద్దరు పట్టుకుని మూడు నిమిషాల్లో బస్తాను ఆరుబయటికి చేర్చాం. అధికారి రిజిస్టరులో "నడవలేనివారు: ఒకరు. క్షేమం" అని రాసి సంతకం చేశారు.

గదులు ఊడ్చే ఆమె జనాన్ని కలియజూసి, "అక్క ఏది సార్?" అంది.

"ఆ కాలమ్ నిండిపోయిందమ్మా," అన్నారు అధికారి.

చదువు రానిది కావడంతో ఆమెకు ఆ మాట అర్థం కాలేదు. వాచ్‌మన్‌ను రెక్క పట్టుకుని పొగలోకి లాక్కెళ్లింది. ఆవిడను ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, మలుపు మలుపుకీ ఆగుతూ ఇద్దరూ కిందికి తెచ్చారు. ఎత్తేముందు, "ఎక్కడ పట్టుకుంటే నొప్పుండదక్కా?" అని ఆమె అడిగిందట. మాకిచ్చిన శిక్షణ పుస్తకంలో ఆ ప్రశ్న లేదు. బస్తాతో ఆ అవసరం రాలేదు.

శిక్షణ పొందకుండా మనిషిని మోసినందుకు వాళ్లిద్దరికీ మెమోలు వచ్చాయి. మా నలుగురికీ ప్రశంసాపత్రాలు. నాది హాల్లో గోడకు తగిలించుకున్నాను.

నివేదికలోకి ఎక్కని సంగతి ఒకటుంది. ఆ రోజు మేం బస్తాను మోసుకుని మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ అక్కడే ఉంది. మా చేతుల్లోని బరువు చూసి, "మెల్లగా, జాగ్రత్త," అంటూ దారికి అడ్డం కాకుండా తన కుర్చీని వెనక్కి జరుపుకుంది.

నేను మర్యాదగా థాంక్స్ కూడా చెప్పాను.