పెన్సిల్వేనియాలో అర ఓటు

"అమెరికా ఎన్నికలు సజావుగా జరిపించే బాధ్యతను ఈ క్షణం నుంచి మన సమితి స్వీకరిస్తోంది" అని గంగాధరరావు గారు ప్రకటించారు. రెండు వేల ఇరవై అక్టోబరు చివరి ఆదివారం నాడు, మ్యూనిక్ శివార్లలో, ఉంటర్‌ఫ్యోరింగ్ పక్కనే ఉన్న మా చిన్న ఊళ్ళో, తన ఇంటి బాల్కనీలో బట్టలు ఆరేసే స్టాండు పక్కన నిలబడి ఆయన ఈ బాధ్యత స్వీకరించారు. మేమంతా జూమ్‌లో చూసి చప్పట్లు కొట్టాం. మ్యూట్‌లో ఉన్నాం కాబట్టి చప్పట్లు వినపడలేదు.

గంగాధరరావు గారు ఇసార్ తీర తెలుగు సాంస్కృతిక సమితికి వ్యవస్థాపక అధ్యక్షులు. ఆయన అధ్యక్షులు కాని కాలం ఒకటుండేదని మాలో ఎవరికీ గుర్తులేదు. పదిహేనేళ్ళుగా జర్మనీలో ఉంటున్నారు, అమెరికా ఒక్కసారి కూడా వెళ్ళలేదు. అందుకే తనకు పక్షపాతం లేదని ఆయన వాదన. వెళ్ళొచ్చినవాళ్ళంతా ఏదో ఒక పార్టీకి అమ్ముడుపోతారట.

మా ఊళ్ళో తెలుగువాళ్ళం పెద్దలం నలభై ఏడు మందిమి. బ్లూ కార్డులనే ఉద్యోగ వీసాల మీద ఐటీలోనూ కార్ల కంపెనీల్లోనూ పని చేస్తూ, కరోనా పుణ్యమా అని ఇళ్ళల్లోనే కూర్చుని, అప్పటికే అమెరికా పార్టీల రంగుల ప్రకారం రెండు వర్గాలుగా చీలిపోయి ఉన్నాం. ఎర్ర పార్టీకి రవీంద్రనాథ్ నాయకుడు. డల్లాస్‌లో ఉన్న ఆయన బావమరిది నీలం పార్టీ కావడం ఆయన సిద్ధాంతానికి పునాది. నీలం పార్టీకి విజయలక్ష్మి గారు నాయకురాలు. ఆవిడకు అమెరికాలో ఎవరూ లేరు, ఉన్నదల్లా రవీంద్రనాథ్ మీద కోపం.

నాది ఏ పార్టీ అని అడగొద్దు. ఎదురుగా ఎవరుంటే వాళ్ళ పార్టీ. నాకు జర్మన్ కాస్త బాగా వచ్చు కాబట్టి అధ్యక్షులు నన్ను కార్యదర్శిగా వేసుకున్నారు.

ఆ బాల్కనీ ప్రకటనకు రెండు వారాల ముందు ప్రవీణ మా ఇంటికొచ్చింది. గుమ్మం బయటే, మాస్కుతో, మీటరున్నర దూరంలో నిలబడింది. కరీంనగర్ అమ్మాయి. నాలుగేళ్ళ కూతురు శ్రీవల్లికి కీటాలో, అంటే ఇక్కడి పిల్లల బడిలో, సీటు కోసం రెండేళ్ళుగా ఎదురుచూస్తోంది.

"మా కంపెనీవాళ్ళు జనవరి దాకనే నా ఉద్యోగం నాకోసం ఆపి పెడ్తరట అన్నా" అంది. "అప్పటిదాక పిల్లకు సీటు రాకుంటే ఉద్యోగం పోతది. మన ఊరి విదేశీయుల సలహా మండలికి ఎన్నికలున్నయి గద, అండ్ల నిలబడ్డ. గెలిస్తే కీటా సీట్లు పంచే కమిటీల కూసోవచ్చు. నా బిడ్డ ఒక్కతే కాదు, మనోళ్ళ పిల్లలే పద్నాలుగు మంది ఉన్నరు లిస్టుల."

"ఓటు మనకుంటుందా?" అన్నాను.

"మనకే ఉంటదన్నా. ఈ దేశంల మనకున్న ఓటు గదొక్కటే. కరోనా అని ఈసారి పేపర్లు ఇంటికే పోస్టుల పంపుతరు. గీత పెట్టి మళ్ళ డబ్బాల వేసుడే. నవంబరు ఎనిమిది, ఆదివారం, సాయంత్రం ఆరింటి లోపట రాట్‌హౌస్, గదే మున్సిపల్ ఆఫీసు, డబ్బాల పడాలె."

"నా ఓటు నీకేనమ్మా" అన్నాను. ఆ రోజు ఊళ్ళో అందరూ అదే మాట అన్నారని తర్వాత తెలిసింది. మాట ఇవ్వడంలో మా సమితి ఎప్పుడూ వెనకాడలేదు.

ఇక అమెరికాకు వద్దాం. మీడియా పక్షపాతం మీద అధ్యక్షులు ఒక ఉపసంఘం వేశారు. ముప్పై అయిదుగురు సభ్యులు. ఒక్కొక్కరికి అమెరికాలో ఒక్కో ప్రాంతం అప్పగించారు. నాకు విస్కాన్సిన్ వచ్చింది. మ్యాపులో చూశాను, సరస్సు పక్కనే ఉంది, సంతోషించాను. ఎర్ర చానెల్ చెప్పిన అంకె ఎడమ వైపు, నీలం చానెల్ చెప్పిన అంకె కుడి వైపు రాసుకోవాలి. రెండూ పక్షపాతమే కాబట్టి రెండూ కలిపి సగం చెయ్యాలి. వచ్చిందే సత్యం.

"ఈ పద్ధతి ప్రపంచంలో ఎవరికీ తట్టలేదు" అన్నారు అధ్యక్షులు. అది మాత్రం నిజమనే అనుకుంటున్నాను.

జర్మన్ టీవీని కూడా వదల్లేదు. వార్తలు చదివే ఆవిడ నీలం పార్టీ అంకెలు చదివేటప్పుడు నవ్వుతోందని రవీంద్రనాథ్ ఫిర్యాదు. విజయలక్ష్మి గారు స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చుని, ఆవిడ వాతావరణం చదివేటప్పుడు కూడా నాలుగు సెకన్లు నవ్విందని రుజువు చేశారు.

"వాతావరణం కూడా నీలమేనండీ, ఆకాశం ఏ రంగు?" అన్నాడు రవీంద్రనాథ్. దీని మీద చర్చ రెండు రోజులు నడిచింది. నేను మినిట్స్ రాశాను.

నవంబరు నాలుగు, బుధవారం పొద్దున అంకెలు రావడం మొదలైంది. సరిగ్గా అప్పుడే కోటయ్య గారు వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో పెట్టారు. ఆయనది ఒంగోలు వైపు, గోడౌన్‌లో సూపర్‌వైజరు. జర్మన్‌లో ఏ ఉత్తరం వచ్చినా విప్పకుండా ముందు ఫోటో తీసి గ్రూపులో పెట్టడం, ఎవరో ఒకరు ఇదేమిటో చెబితే అప్పుడు విప్పడం ఆయన అలవాటు. ఆయనదేమిటి, మా అందరి అలవాటూ అదే. కరెంటు బిల్లు నుంచి కోర్టు నోటీసు దాకా మా ఊళ్ళో గ్రూపు చెప్పందే ఏ కవరూ తెరుచుకోదు.

ఫోటోలో పెద్ద గులాబీ రంగు కవరు ఉంది. "ఇదేందయ్యా? మీకు గూడా వచ్చిందా?" అని రాశారు కోటయ్య గారు.

మాకూ వచ్చింది, మాకూ వచ్చింది అని పదిమంది రాశారు. ప్రవీణ కింద పొడుగ్గా జవాబు పెట్టింది. చదువుదామనుకునేలోపు మిషిగన్ మీద రవీంద్రనాథ్ ఇరవై మెసేజిలు, వాటిని ఖండిస్తూ విజయలక్ష్మి గారు ముప్పై పెట్టారు. పావుగంటలో ప్రవీణ జవాబు నాలుగు వందల మెసేజిల కిందకు వెళ్ళిపోయింది. మళ్ళీ పెట్టింది. "సోదరీ, ఇది ఎన్నికల సమయం. దయచేసి వేరే విషయాలు తేవద్దు" అని అధ్యక్షులు మందలించి, క్రమశిక్షణ కోసం గ్రూపులో తాను తప్ప ఎవరూ రాయకుండా సెట్టింగు మార్చారు.

ఆ తర్వాత ఆయన రాసిన మొదటి ఉత్తర్వు ఇది. "ఉపసంఘం సభ్యులు తలా ఒక సైజు కాగితం మీద అంకెలు రాస్తున్నారు. రికార్డులు ఒక పద్ధతిగా ఉండాలి. కోటయ్య గారు చూపిన గులాబీ కవరు అందరి ఇళ్ళల్లోనూ ఉంది. మందంగా ఉంది, వెనక ఖాళీగా ఉంది. ఇకపై అంకెలన్నీ దాని వెనకే రాయవలెను."

ఇంత చిన్న విషయంలో కూడా ఇంత ముందుచూపు ఉన్న నాయకుడు మరొకరు లేరని అందరూ అనుకున్నాం. గ్రూపులో అనలేకపోయాం. నా కవరు చెప్పుల స్టాండు మీద ఉంది. తెచ్చి, వెనక నిలువు గీత కొట్టి, ఫ్రిజ్‌కు అయస్కాంతంతో అంటించుకుని విస్కాన్సిన్ మొదలుపెట్టాను.

శనివారం సాయంత్రానికి చానెళ్ళన్నీ ఫలితం చెప్పేశాయి. మా సమితి మాత్రం తొందరపడలేదు. ఆదివారం నాలుగున్నరకు జూమ్‌లో తుది తీర్పు సభ పెట్టింది. రెండు చానెళ్ళ అంకెలు కలిపి సగం చేస్తే పెన్సిల్వేనియాలో ఒక అర ఓటు మిగిలింది.

"ఆ అర ఓటు మాది" అన్నాడు రవీంద్రనాథ్.

"ఏ అర? తల వైపా, కాళ్ళ వైపా?" అన్నారు విజయలక్ష్మి గారు.

"ప్రజాస్వామ్యంలో ప్రతి అర ఓటూ లెక్కించాల్సిందే" అన్నారు అధ్యక్షులు. మేం మళ్ళీ మ్యూట్‌లోనే చప్పట్లు కొట్టాం.

అయిదుంపావు నుంచీ ప్రవీణ చెయ్యెత్తి ఉంది. తెర మీద చిన్న పసుపుపచ్చ చెయ్యి కనపడుతూనే ఉంది. ఒళ్ళో పిల్ల. అయిదున్నరకు అధ్యక్షులు గమనించారు.

"చెప్పండమ్మా. మీకు రెండు నిమిషాలు. ఎర్ర కోటాలోనా, నీలం కోటాలోనా?"

"నేను ఏ పార్టీ కాదు సార్. ఒక్క ముచ్చట జెప్త..."

"మీడియాలో లేని సమతూకం మన సభలో ఉండాలమ్మా. కోటా లేకుండా మైకు ఇస్తే పక్షపాతం అంటారు."

"అయితే ఎర్ర అనుకోండ్రి సార్. రాట్‌హౌస్ ఇక్కడిక్కడనే..."

"అభ్యంతరం" అన్నారు విజయలక్ష్మి గారు. "ఎర్రవాళ్ళు ఇప్పటికే తొమ్మిది నిమిషాలు ఎక్కువ మాట్లాడారు."

అధ్యక్షులు లెక్క చూసుకుని నిజమేనన్నారు. ప్రవీణను మ్యూట్‌లో పెట్టి, నీలం పార్టీకి తొమ్మిది నిమిషాలిచ్చారు. దానికి సమాధానంగా ఎర్ర పార్టీకి మరో తొమ్మిది, అధ్యక్షుల వారి సారాంశానికి పదిహేను. తెర మీద ప్రవీణ పెదవులు కాసేపు కదిలాయి. తర్వాత గడియారం వైపు చూస్తూ కూర్చుంది. అర ఓటును చెరో పావు చొప్పున పంచి ఆరూ అయిదుకు ఆవిడ మ్యూట్ తీశారు.

"ఇప్పుడు చెప్పమ్మా, తీరిగ్గా."

"ఇప్పుడేం అవసరం లేదు సార్" అంది ప్రవీణ.

సోమవారం అధ్యక్షులు స్వయంగా సైకిలు మీద ఇంటింటికీ వెళ్ళి, చరిత్ర కోసం గులాబీ కవర్లు పోగుచేశారు. నాకింకా విస్కాన్సిన్ సగం తేలలేదని చెప్పి నాది ఇవ్వలేదు. మంగళవారం సలహా మండలి ఫలితాలు వచ్చాయి. ప్రవీణకు పన్నెండు ఓట్లు. చివరి సీటు గెలిచిన బ్రెజిల్ పెద్దమనిషికి పందొమ్మిది.

ఆ వార్త విని గంగాధరరావు గారు నిప్పులు కక్కారు. "మనవాళ్ళం నలభై ఏడుగురం ఉంటే పన్నెండేమిటి? ముప్పై అయిదు ఓట్లు ఏమైపోయాయి? ఇది పట్టపగలు రిగ్గింగు. ఒక్క చానెలైనా చెప్పిందా? ఒక్క పేపరైనా రాసిందా? నేను నెల రోజులుగా చెబుతున్న మీడియా పక్షపాతం ఇదే" అన్నారు. ఆ సాయంత్రమే రీకౌంటింగుకు పిటిషన్ తయారైంది. పిటిషన్ మీద అభ్యర్థి సంతకం కావాలన్నారు. ప్రవీణ వద్దంది. "నీ కోసం కాదమ్మా, ప్రజాస్వామ్యం కోసం" అని అధ్యక్షులు ఒప్పించారు. మామూలుగా రాట్‌హౌస్‌లో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరకడానికి మూడు వారాలు పడుతుంది. ఆయన ధాటికి గురువారమే దొరికింది.

అధ్యక్షులు, ప్రవీణ, నేను ముగ్గురం వెళ్ళాం. ప్రవీణ చెయ్యి పట్టుకుని శ్రీవల్లి కూడా వచ్చింది, ఇంట్లో వదిలే చోటు లేదు కదా. ప్లాస్టిక్ అద్దం వెనక ఫ్రావ్ హూబర్ అనే ఉద్యోగిని కూర్చుని ఉంది. పిటిషన్ ఓపిగ్గా చదివింది.

"రెండుసార్లు లెక్కపెట్టాం" అంది జర్మన్‌లో. "రెండుసార్లూ పన్నెండే. చాలామందికి పంపిన కవర్లు మాకు తిరిగి రానే లేదు."

నేను అనువదించాను. అధ్యక్షులు చిరునవ్వు నవ్వారు. అది మాస్కు పైనుంచి కూడా తెలిసింది.

"లెక్కపెట్టడమంటే ఏమిటో ఈవిడకు చూపించు" అంటూ బ్యాగులోంచి కట్ట తీసి కౌంటరు మీద పెట్టారు. "ముప్పై నాలుగు రికార్డులు. పెన్సిల్వేనియా నుంచి జార్జియా దాకా. ఒక్క కొట్టివేత లేదు."

ఫ్రావ్ హూబర్ పై కవరు తీసుకుని అంకెలు చూసింది. తర్వాత తిప్పి ముందు వైపున్న ఓటరు పేరు, రాట్‌హౌస్ చిరునామా చూసింది. రెండోది తిప్పింది. మూడోది తిప్పింది. ఒక్కటీ విప్పి లేదు. నా వైపు చూసి, నిదానంగా, చిన్న పిల్లలకు చెప్పినట్టు నాలుగు మాటలు చెప్పింది.

"ఏమంటోంది?" అన్నారు అధ్యక్షులు.

ప్రవీణకు జర్మన్ వచ్చు. ఆమె వైపు చూడలేక నేల వైపు చూశాను. నాకు చాలా సిగ్గేసింది.

"మన రికార్డులు చాలా నీట్‌గా ఉన్నాయంటోంది సార్" అన్నాను.

"అయితే ముట్టినట్టు ముద్ర వెయ్యమను. రేపు కాదంటే?"

అడిగాను. కౌంటరుకు వచ్చిన ఏ కవరుకైనా తారీఖు ముద్ర వెయ్యడం వాళ్ళ రూలేనట. ఆవిడ ముద్ర తీసి, నవంబరు పన్నెండు అని ముప్పై నాలుగు కవర్లకూ వరసగా కొట్టింది. ప్రతి చప్పుడుకూ అధ్యక్షులు తల ఊపారు. శ్రీవల్లికి ఆ చప్పుడు నచ్చి, ప్రతిసారీ కిలకిలా నవ్వింది.

ప్రవీణ అద్దంలోంచి కవర్ల మీది పేర్లు ఒక్కొక్కటే చదువుకుంది. కోటయ్య గారి పేరు, రవీంద్రనాథ్ పేరు, విజయలక్ష్మి గారి పేరు. చివరిదాకా చూసి నా వైపు తిరిగింది.

"ఇండ్ల మీ పేరు లేదన్నా" అంది. కళ్ళల్లో నీళ్ళున్నాయి, గొంతులో మాత్రం కాస్త ఆనందం వినపడింది. "మీరొక్కరన్న వేసిండ్రు."

నేను పిల్ల తల నిమిరాను.

ఆ సాయంత్రం గ్రూపులో అధ్యక్షుల ప్రకటన వచ్చింది. "మన ఎన్నికల పర్యవేక్షణ రికార్డులను జర్మనీ అధికారులు ముద్ర వేసి సగౌరవంగా స్వీకరించారు. ప్రవీణ గారి పరాజయంపై విచారణకు నా అధ్యక్షతన కొత్త ఉపసంఘం ఏర్పడింది." సెట్టింగు మార్చడం మర్చిపోయారు కాబట్టి ఎవరూ అభినందించలేకపోయారు.

జనవరిలో ప్రవీణ ఉద్యోగం పోయింది. ఇప్పటికీ పండగలకు మా ఇంటికి సకినాలు పంపిస్తుంది, మీరొక్కరన్న వేసిండ్రని. వాటిలోకి పెరుగు తీసుకోవడానికి ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా అయస్కాంతం కింద విస్కాన్సిన్ ఊగుతుంది.