వెండి సుత్తికి పలకని మహాగురువు

"తెల్లంగీ తొడిగీ గద్దె మీద కూచుంటే, ఏనుగొచ్చి మొక్కిందీ, ఎలుగొచ్చి..." ఆపైన ఏముందో ఇన్నాసమ్మకు ఎంతకీ గుర్తొచ్చేది కాదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ పాడిన పాట. అంతవరకు గుర్తుంటే చాల్లే అనుకునేది.

ఈ ఇన్నాసమ్మ ఒక పెద్ద అడవిలో ఉండే నక్క. అక్కడి జంతువులన్నిటికీ ఒక్కడే మహాగురువు. తెల్లంగీ వేసుకుని కొండమీది మఠంలో కూర్చుంటాడు. ఆయన పోతే ఎర్రటోపీల పెద్దలు మఠంలో చేరి తలుపులు వేయించుకోవాలి. కొత్తాయన్ని ఎన్నుకునేదాకా బయటికి రాకూడదు.

ఒకసారి మహాగురువు పోయాడు. పెద్దలు లోపలికెళ్ళారు. వాళ్ళలో ఇన్నాసమ్మ, ఎలుగుబంటి శౌరయ్య గద్దె నాదంటే నాదని పట్టుబట్టారు. ఎండలు పోయి వానలొచ్చినా తేలలేదు. బయటి జంతువులు విసుగెత్తి లోపలికి పంపే కూడు తగ్గించాయి. అయినా తేలకపోతే కోతుల్ని ఎక్కించి మఠం కప్పు పీకించేశాయి.

వానకు తడుస్తూ ఇన్నాసమ్మ చుట్టూ చూసింది. మూలన తాబేలు రాయప్ప దగ్గుతున్నాడు. ముడతల మెడ, నీళ్ళు కారే కళ్ళు. ఈయన్నెక్కిద్దాం, కప్పు నేసేలోపే పోతాడు, ఈలోగా మనం మనవాళ్ళను కూడగట్టుకోవచ్చని శౌరయ్య చెవిలో ఊదింది. ఆయనకూ అది నచ్చింది.

రాయప్ప గద్దెక్కాడు. కప్పు నేశారు. దగ్గు తగ్గింది.

ఎవరైనా తగవు తెస్తే రాయప్ప తల లోపలికి లాక్కునేవాడు. మళ్ళీ బయట పెట్టేసరికి వాళ్ళు రాజీపడో, చచ్చో ఉండేవారు. ఎలాగైతేనేం, అడవి ప్రశాంతంగా ఉందని పెద్దలు మెచ్చుకునేవారు. శౌరయ్య బొచ్చు నెరిసింది. ఇన్నాసమ్మకు పళ్ళూడాయి. ముందే కుట్టించి దాచుకున్న తెల్లంగీని పురుగులు కొరికాయి.

ఒక వేసవిలో రాయప్ప లాక్కున్న తల ఎన్నాళ్ళకీ తీయలేదు. మహాగురువు నుదుటిమీద వెండి సుత్తితో తట్టి, చిన్ననాటి పేరుతో పిలవాలని అక్కడి ఆనవాయితీ. పలక్కపోతే పోయినట్టే. నుదురు కనబడలేదు గనుక ఇన్నాసమ్మ డిప్ప మీదే తట్టింది. రాయప్పా, ఓ రాయప్పా అని పిలిచింది. పలుకు లేదు. గంటలు మోగించారు. ఎన్నిక జరిపారు. ఈసారి ఇన్నాసమ్మే గెలిచింది.

చిల్లుల అంగీ తొడుక్కుని గద్దె దగ్గరికెళ్ళింది. రాయప్పను ఇంకా దించనేలేదు. అంతలో తొలకరి పడింది. డిప్పలోంచి తల మెల్లగా బయటికొచ్చింది.

"ఎవరమ్మా తలుపు కొట్టింది?"

పెద్దలు బిత్తరపోయారు. నక్క గద్దెక్కకపోతే చాలనుకున్న శౌరయ్య లేచి గొంతు సవరించుకున్నాడు.

"సుత్తికి పలకలేదు, కాబట్టి గురువుగారు పోయినట్టే. అది ఖాయం. కానీ గద్దె దిగలేదు, కాబట్టి ఖాళీ లేదు. ఇక ముందైనా ఖాళీ అవుతుందా అంటే, ఒకసారి పోయినవాడు మళ్ళీ ఎలా పోతాడు?"

చక్కగా చెప్పావు శౌరయ్యా అని పెద్దలంతా తలలూపారు. ఇన్నాసమ్మ అంగీ విప్పింది.

అప్పుడే వాకిట్లోకి ఇంకో తాబేలు వచ్చింది, రాయప్పకంటే ముడతలమారిది. నోట్లో తోటకూర కట్ట. మా పిల్లాడు వేళకు తింటున్నాడా అని కాపలా కోతిని అడిగింది.

రాయప్ప ఇన్నాసమ్మ వైపు వంగి, జాలిగా అన్నాడు:

"గురువును ఎన్నుకునేటప్పుడు దగ్గు వింటే సరిపోదమ్మా, వాళ్ళమ్మ ఎలా ఉందో కూడా కనుక్కోవాలి."