చలమయ్య గారి మరణానికి మీసం సాక్ష్యం

1958వ సంవత్సరం ఫాల్గుణ మాసం, ఒక బుధవారం ఉదయం ఏడున్నర గంటలకు, సత్తెనపల్లికి ఆరు మైళ్ళ దూరంలో ఉన్న నల్లరేగడిపాలెం గ్రామ కాపురస్తులు శ్రీ చలమయ్య గారు పరమపదించినట్టు గ్రామస్థులు ఏకగ్రీవంగా నిర్ణయించారు. ఆ సమయానికి చలమయ్య గారు తమ ఇంటి వసారాలో నులకమంచం మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నారు. ఆయన హాజరులోనే ఉన్నా, అభిప్రాయం అడుగుదామన్న ఆలోచన ఎవరికీ రాలేదు. చావు విషయంలో చచ్చినవాణ్ణి సంప్రదించే ఆచారం మన వైపు లేదు.

ఇంత పనికీ కారకుడు ఆయన ఒక్కగానొక్క కొడుకు శ్రీమన్నారాయణ. గుంటూరులో బి.ఏ. చదువుతూ బ్రాడీపేట రెండో లైనులో గది తీసుకుని ఉండేవాడు. నాగరికత అంటే ఏమిటో ఊరికి చూపించాల్సిన బాధ్యత దేవుడు తన నెత్తినే పెట్టాడని అతని నమ్మకం. అందుకని చదువులో చేరిన మొదటి ఏడే ఒక సేఫ్టీ రేజరు కొన్నాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా మిరప కల్లాల దగ్గర నలుగురి మధ్యా ఆ పెట్టె తెరిచి, "గుంటూరులో నా గడ్డం నేనే గీసుకుంటాను" అని చెప్పేవాడు. నిజానికి ప్రతి ఆదివారం సందు మొదట్లో ఉన్న సెలూనుకు వెళ్ళి, కుర్చీలో కళ్ళు మూసుకుని గడ్డం అప్పగించేవాడు. రేజరు ట్రంకుపెట్టెలో ఉతికిన బట్టల అడుగున భద్రంగా ఉండేది.

ఊరు మాత్రం నమ్మింది. చదువుకున్నవాడు చెబితే నమ్మటం మనకు అలవాటు. "తన గొంతు మీద తనే కత్తి పెట్టుకోవాలంటే ఎంత గుండె ఉండాలిరా!" అని ముసలివాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు. ఊరి మంగలి పానకాలు ఒక్కడే అదోలా నవ్వి, "మంచిదేలే బాబూ, నాకో గడ్డం తగ్గింది" అని ఊరుకున్నాడు.

అలాంటి శ్రీమన్నారాయణకు సంబంధం కుదిరింది. పక్క ఊరి ఆదెయ్య గారి రెండో కూతురు సుబ్బరావమ్మ. పెళ్ళిచూపుల్లో ఆ పిల్ల కాఫీ గ్లాసు అందిస్తూ ఒక్కసారి తలెత్తి చూసింది. అంతే, ఆ తర్వాత మన బి.ఏ. విద్యార్థి పుస్తకం ఏ పేజీ తెరిచినా ఆ చూపే కనిపించేది. ఆ పిల్లను తప్ప ఇంకొకరిని చేసుకోనని ఒట్టు కూడా పెట్టుకున్నాడు. ఎవరి మీద పెట్టుకోవాలో తోచక ఆ రేజరు మీదే పెట్టుకున్నాడు.

మంగళవారం సాయంత్రం కబురొచ్చింది: బుధవారం పొద్దున ఎనిమిదింటికి తాంబూలాలు పుచ్చుకోవటానికి ఆదెయ్య గారు వస్తున్నారు. శ్రీమన్నారాయణ మొహాన నాలుగు రోజుల గడ్డం ఉంది. పానకాలేమో సన్నాయి పట్టుకుని ఒంగోలు వైపు ఎవరి పెళ్ళికో వెళ్ళాడు, శుక్రవారం గానీ రాడు.

"ఇప్పుడెట్టా అమ్మా?" అన్నాడు.

"ఎట్టా ఏంది నాయనా? నీ గడ్డం నువ్వే గీసుకుంటావుగా!" అంది తల్లి మాణిక్యమ్మ, ఎంతో గర్వంగా.

రెండేళ్ళు కోసిన కోతలన్నీ వచ్చి గొంతు మీద కూర్చున్నాయి. తెల్లారగానే వసారా స్తంభానికి అద్దం తగిలించి, రేజరు పెట్టెలో ఉన్న కాగితం తీసి, పరీక్షకు చదివినంత శ్రద్ధగా చదివాడు. అందులో నాలుగు బొమ్మలున్నాయి. నాలుగింటిలోనూ ఒక దొర నవ్వుతూ గడ్డం గీసుకుంటున్నాడు. చెంపలు ఎలా గీయాలో ఉంది, గవదలు ఎలా గీయాలో ఉంది. మీసం సంగతి మాత్రం లేదు, ఎందుకంటే ఆ దొరకు మీసమే లేదు. దొరగారి తండ్రి ఉన్నాడో పోయాడో కూడా రాయలేదు.

ఆ వివరం ఎందుకంటే, మన వైపు మీసానికి ఒక చట్టం ఉంది. తండ్రి బతికుండగా కొడుకు మీసం తీయకూడదు. తండ్రి పోయాకే, కర్మ చేయబోయే ముందు మంగలి వచ్చి తీస్తాడు. కొత్తగా బోడి అయిన మూతి కనిపిస్తే ఇక చావుపుట్టుకల రిజిస్టరు తిప్పక్కర్లేదు. పలకరించి, రెండు కన్నీటి చుక్కలు రాల్చి పోవటమే.

చెంపలు రెండుచోట్ల తెగినా మొత్తానికి దారికొచ్చాయి. తెగినచోట పత్రిక ముక్కలు అంటించాడు. ఆ తర్వాత మీసం చివర్లు కాస్త సరిచేద్దామని బుద్ధి పుట్టింది. ఎడమవైపు ఒక్క పిసరు తీశాడు. కుడివైపు పొడుగనిపించింది, అక్కడ తీశాడు. అప్పుడు ఎడమవైపు బరువనిపించింది. పిల్లుల రొట్టె కోతి పంచినట్టు పంచి పంచి, చివరికి ముక్కు కింద బొట్టంత మీసం మిగిలింది. అది ఉండటం కంటే లేకపోవటమే మర్యాద అని దాన్ని కూడా తీసేశాడు.

అద్దంలో ఎవరో కొత్త మనిషి కనిపించాడు. కంగారులో దండెం మీద చేతికందిన తువ్వాలు లాగి మొహం గట్టిగా తుడుచుకున్నాడు. అది చలమయ్య గారు నిన్నంతా మిరపకాయలు తొక్కేటప్పుడు తలకు చుట్టుకున్న తువ్వాలు. తెగిన చెంపలకు, కళ్ళకు, ముక్కుకు మిరప ఘాటు ఒక్కసారే ఎక్కింది. "అయ్యో నాన్నోయ్!" అని గావుకేక పెట్టి వలవలా ఏడ్చాడు. మన వైపు దెబ్బ తగిలినా, తేలు కుట్టినా అరిచే మాట అదే.

సరిగ్గా ఆ సమయానికి పక్కింటి వెంకాయమ్మ పాలలో తోడుకు కాసిని మజ్జిగ కోసం వచ్చింది. బోడి మూతి చూసింది, ధారలు కట్టిన కన్నీళ్ళు చూసింది, "నాన్నోయ్" వింది. ఇంక కావాల్సిన సాక్ష్యమేముంది? చేతిలో గిన్నె జారవిడిచి, "అయ్యో చలమయ్య బావా! ఎంత పని చేశావయ్యా!" అని వీధిలోకి పరుగెత్తింది.

పావుగంటలో ఊరు దిగింది. దొడ్లో పళ్ళు తోముకుంటున్న చలమయ్య గారు ఈ గోల విని వసారాలోకి వచ్చి, మంచం మీద కూర్చుని చుట్ట వెలిగించారు. ఆయన్ను కొందరు చూశారు. చూసి, దుఃఖంలో మనిషికి ఏవేవో కనిపిస్తుంటాయని సరిపెట్టుకున్నారు. ఒకాయన, "కాస్త జరుగు బావా, చాప పరవాలి" అని ఆయన్నే పక్కకు జరిపాడు.

చలమయ్య గారు "ఒరేయ్, నేను..." అని ఏదో అనబోయారు. ఇంతలో ఆయన పొలం పక్క పొలంవాడు యలమందయ్య గుండెలు బాదుకుంటూ వచ్చాడు. గట్టు విషయంలో ఇద్దరికీ పదకొండేళ్ళుగా మాటల్లేవు. "ధర్మరాజయ్యా మా చలమన్న! ఆ గట్టు అన్నదేరా! నేనే రెండు బారలు లోపలికి జరిపాను. నా కళ్ళు పోను!" అని నలుగురి ముందూ ఏడ్చాడు.

చలమయ్య గారు నోరు మూసుకున్నారు. ఇరవయ్యేళ్ళుగా ఊరు ఆయన్ను పిసినారి అంది, నోటిదురుసు మనిషి అంది, పొద్దున్నే ఎదురొస్తే తోటకు తెగులు పడుతుందంది. పుట్టి బుద్ధెరిగాక తన గురించి మంచిమాట వినటం ఇదే మొదలు. మధ్యలో అడ్డం వెళ్ళటం మర్యాద కాదని ఊరుకున్నారు.

పంచాయతీ ప్రెసిడెంటు గారు అప్పటికే సంతాప తీర్మానం రాసుకుని వచ్చారు. "సోదర సోదరీమణులారా! చలమయ్య గారు భౌతికంగా మన మధ్య లేరు" అన్నారు, చలమయ్య గారి మంచంకోడు ఆసరాగా పట్టుకుని. "ఆయన చేతికి ఎముక లేదు. ఆయన నోట పరుషవాక్యం ఎరుగం. ఈ లోటు పూడ్చటం ఈ పంచాయతీ బడ్జెట్టు వల్ల అయ్యే పని కాదు. రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం." అందరూ లేచి నిలబడ్డారు. చలమయ్య గారు కూడా చుట్ట పక్కన పెట్టి నిలబడ్డారు. సభామర్యాద తెలిసిన మనిషి.

తర్వాత కొడుకును నాలుగు మాటలు చెప్పమన్నారు. శ్రీమన్నారాయణ కళ్ళు నులుముకుంటూ, "మా నాన్న బతికే ఉన్నాడండీ" అన్నాడు.

"అదీ కొడుకంటే!" అన్నారు ప్రెసిడెంటు గారు గద్గదంగా. "ఎక్కడికి పోతారయ్యా? మనందరి గుండెల్లోనూ బతికే ఉంటారు." ఆడవాళ్ళు మళ్ళీ ఏడుపు అందుకున్నారు.

కల్లంలో కాయ ఆరబోసి మాణిక్యమ్మ రావటంతో ఈ శోభ అంతా చెడిపోయింది. "ఏందీ సంత? జరగండి, ఆయనకు చద్దన్నం పెట్టాలి!" అంది. సంగతి విని అగ్గిమీద గుగ్గిలమైంది. "మీ నోళ్ళు పడిపోను! నిక్షేపంలాంటి మనిషిని పట్టుకుని ఏడుస్తారా?" అని చీపురు తీసింది. అప్పుడు ఊరు చలమయ్య గారి వంక చూసింది. ఆయన బతికే ఉన్నాడని తేలాక అందరి మొహాల్లోనూ, చెప్పకూడదు గానీ, కాస్త నిరుత్సాహం కనిపించింది. ఏకగ్రీవ తీర్మానాన్ని రద్దుచేసే అధికారం తనకు లేదని ప్రెసిడెంటు గారు చేతులెత్తేశారు. యలమందయ్య మాత్రం తేరుకుని, "చచ్చిన మనిషితో చెప్పిన మాట బతికిన మనిషికి చెల్లదు" అని కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఈ సందట్లోనే ఆదెయ్య గారి బండి వచ్చి ఆగింది. బండి దిగీ దిగగానే ఆయన పెళ్ళికొడుకు బోడి మూతి చూశారు, మంచం మీద వియ్యంకుణ్ణి చూశారు, తాంబూలం పళ్ళెం బండిలోనే ఉంచేశారు. "బావగారూ, తప్పుగా అనుకోబాకండి. తమరు పోయి ఉంటే ఏడాది మైల, పెళ్ళి చేయకూడదు. పోకుండా ఉంటే, ఉన్న తండ్రికి మీసం తీసిన కొడుక్కి పిల్లనెట్టా ఇస్తాం?" అన్నారు.

న్యాయమైన మాట. ఎటు చూసినా చలమయ్య గారి ఉనికే అడ్డంగా ఉంది. పెద్దలు తర్జనభర్జన పడ్డాక ఆదెయ్య గారే గడువిచ్చారు. వైశాఖంలో ముహూర్తం ఉంది, ఈలోగా మీసం ఎప్పట్లా వస్తే పిల్లనిస్తారు. రాకపోతే పిడుగురాళ్ళ వైపు ఇంకో సంబంధం సిద్ధంగా ఉంది. ఒక ఆడపిల్ల బతుకు ముక్కు కిందా పెదవి పైనా తేల్చటం ఎవరికీ వింతగా అనిపించలేదు. శ్రీమన్నారాయణకు అసలే అనిపించలేదు. ఆ రోజు నుంచి కాలేజీ మానేసి, మూతికి తువ్వాలు చుట్టుకుని, మందారాకు పసరు, ఆముదం, ఎవరేది చెబితే అది రాశాడు. రోజుకు ఇరవైసార్లు అద్దం చూసుకునేవాడు. ఒక్కోసారి తనను చూసి తనకే నవ్వొచ్చేది. "రెండేళ్ళు బి.ఏ. చదివి ఆఖరికి ఆముదం రాసుకోవటం నేర్చుకున్నానురా" అనేవాడు స్నేహితులతో.

శుక్రవారం పానకాలు వచ్చి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎవరు చేశారు బాబూ ఈ పని? కొడవలితో గీశారా?" అన్నాడు. శ్రీమన్నారాయణ తలొంచుకుని రెండేళ్ళ అబద్ధం ఒప్పుకున్నాడు. పానకాలు నవ్వలేదు. ఆ రేజరే తీసి, అతని చెయ్యి తన చేతిలో పట్టుకుని, నురుగు ఎలా నాననివ్వాలో, చర్మం ఎటు లాగాలో, వెంట్రుక వాలు ఎలా చూడాలో అరగంట చూపించాడు. శ్రీమన్నారాయణ గడ్డం గీసుకోవటం నేర్చుకున్నది ఆ రోజు. లేచి వెళ్తూ పానకాలు, "మీసం జోలికి మాత్రం పోబాకండి బాబూ. ఆ పని పడ్డ రోజు నేనే వస్తాను" అన్నాడు. ఆ మాటకు శ్రీమన్నారాయణ మంచం మీద చుట్ట కాలుస్తున్న తండ్రి వంక చూశాడు.

మీసం మొలిచింది. మొలిచేకొద్దీ చలమయ్య గారి సుగుణాలు ఒక్కొక్కటే రాలిపోయాయి. మీసం నూనూగుగా ఉన్నప్పుడు ఊరు ఆయన్ను ఇంకా పెద్దమనిషి అంటూనే ఉంది. నల్లబడేసరికి పిసినారి అయ్యాడు. మెలి తిరిగేసరికి నోటిదురుసు తిరిగొచ్చింది. వైశాఖంలో పానకాలు సన్నాయి ఊదుతుండగా పెళ్ళి జరిగింది. పందిట్లో పప్పు పలచగా ఉందని ఊరంతా చలమయ్య గారిని తిట్టుకుంటూ సుష్ఠుగా తిని వెళ్ళింది. మర్నాడు యలమందయ్య గట్టు ఇంకో బార జరిపాడు.

పెళ్ళయిన వారానికి, ఒక ఉదయం శ్రీమన్నారాయణ వసారాలో గడ్డం గీసుకుంటుంటే చలమయ్య గారు వచ్చి మంచం మీద కూర్చున్నారు. చుట్ట తీసి వెలిగించారు.

"ఒరేయ్ అబ్బాయ్."

"ఏంది నాన్నా?"

"ఆ రోజు ఊరంతా నా గురించి తలా ఒక మంచిమాట చెప్పారురా. ఆఖరికి ఆ యలమందగాడు కూడా చెప్పాడు. నువ్వే ఏం చెప్పలా."

"చెప్పాగా నాన్నా, బతికే ఉన్నావని."

"అది మంచిమాట ఎట్టా అవుద్దిరా? ఉన్నమాట."

శ్రీమన్నారాయణ రేజరు నీళ్ళలో ముంచి కడిగాడు. నాన్న చిరుగుల పంచె కట్టి తనను గుంటూరు పంపింది, ఊరంతా వచ్చి ఏడ్చిన ఆ బుధవారం కూడా తనను ఒక్క మాట అననిది, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. కన్నతండ్రితో అలాంటివి ఎదురుగా చెప్పాలంటే సిగ్గేసింది. అద్దంలో చూసుకున్నాడు. మీసం దట్టంగా, నల్లగా, నిక్షేపంలా ఉంది. ఇంకా బోలెడు టైముంది, తొందరేముందిలే అనుకుని రెండో చెంపకు నురుగు పూసుకున్నాడు.

నవ్వింది చాలు. తమరు కూడా ఒకసారి మూతి తడిమి చూసుకోండి.