కరెంటు మండలి మధ్యాహ్న సభలు

"ఇన్నొద్దులు మనం కరెంటు కాల్చినం. రేపటి సంది కరెంటు కొంటం."

సూరత్ గోడాదరాలోని తెలుగు గల్లీల చరిత్రను ఎవరైనా రాయదలిస్తే ఈ రెండు వాక్యాల దగ్గర మొదలుపెట్టక తప్పదు. పలికినవారు శ్రీ బుచ్చిరాములు గారు. ఒకప్పుడు సాంచల, అంటే మరమగ్గాల, కార్ఖానాలో మిస్త్రీ, ఆ తర్వాత అదే కార్ఖానాకు పనివాళ్లను కుదిర్చే ఠేకేదారు, ప్రస్తుతం పార్టీ వార్డు కన్వీనరు. నిన్న సాయంత్రం నుంచి గోడాదరా తెలుగు సామూహిక విద్యుత్ కొనుగోలు మండలికి వ్యవస్థాపక అధ్యక్షులు కూడా. నెలనెలా బిల్లు కడుతున్నవాళ్లు ఇప్పటికే కరెంటు కొంటున్నట్టు కాదా అని సభలో ఎవరికీ అనుమానం రాలేదు. చప్పట్లు మాత్రం బాగానే పడ్డాయి.

ముందు వరుసలో కూర్చున్న సారక్క చప్పట్లు కొట్టలేదు. ఆమె ఒక చేత్తో మొగుడు దేవదాసు మోచెయ్యి పట్టుకొని ఉంది, వదిలితే పక్కకు ఒరిగిపోయేలా ఉన్నాడు. దేవదాసుది రాత్రి పాళీ. రాత్రంతా సాంచల మధ్య నడిచి పొద్దున ఇల్లు చేరి పడుకోవాలి. ఉండేది పై అంతస్తు రేకుల గది. ఎండ ముదిరే వేళకు గల్లీ చివరి ట్రాన్స్‌ఫార్మర్ ఒక్క మూలుగు మూలిగి ఆగిపోతుంది, దాంతో నెత్తి మీది ఫ్యాను ఆగిపోతుంది. మళ్లీ అది తిరిగేసరికి దేవదాసు పనికి బయల్దేరే వేళవుతుంది.

నిద్ర లేని మనిషి సాంచల దగ్గర తూగుతాడు. పోయిన వారం అలా తూగినప్పుడే అతని చొక్కా చెయ్యి బెల్టులో చిక్కింది. చొక్కా చెయ్యి పోయింది, మనిషి చెయ్యి మిగిలింది. మళ్లీ తూగితే రావద్దని సేఠ్ చెప్పి పంపాడు. సారక్కకు సేఠ్ మాట కంటే ఆ చెయ్యి గురించే భయం. వంట చేస్తున్నా, బట్టలుతుకుతున్నా ఆ చిరిగిన చొక్కాయే కళ్ల ముందు కనిపిస్తోంది.

అందుకని లేచి నిలబడింది. "అన్నా, ట్రాన్స్‌ఫారం ఎప్పుడు మారుస్తరు?"

"మంచి ప్రశ్న అడిగినవు చెల్లె" అన్నారు బుచ్చిరాములు గారు. మంచి ప్రశ్న అని ఒప్పుకున్నాక జవాబు చెప్పే బాధ్యత తీరిపోతుందని ఆయనకు రాజకీయాల్లో తెలిసొచ్చింది. "ముందుగాల స్కీము సమజ్ చేసుకో. ఒక్కొక్క ఇల్లు పోయి అడిగితె కరెంటు అమ్మెటోడు మనతోని బేరమాడుతడా? గల్లీలన్ని ఒక్కటై హోల్‌సేల్‌ల కొంటమంటె వాడే దిగొస్తడు. గిదే సామూహిక కొనుగోలు."

"మంచిదే. మరి తీగెలెవరియి?"

"కంపెనీయి."

"మీటరు?"

"అదీ కంపెనీదే."

"బిల్లెవరిస్తరు?"

"కంపెనీయే ఇస్తది. అండ్ల మన మండలి పేరు ఒక లైను అచ్చయితది."

"కరెంటు పోతె?"

"కంపెనీకి ఫోన్ చెయ్యాలె."

"మరి మండలి ఏం జేస్తది?"

"కొంటది" అన్నారు బుచ్చిరాములు గారు, ఇంతకంటే విడమరచి చెప్పడం మానవమాత్రులకు సాధ్యం కాదన్నట్టు.

"నేను చేరాల్నంటె ఏం జెయ్యాలె?"

"నువ్వు చేరినవు."

"ఎప్పుడు?"

"నిన్న. అందరు చేరిండ్రు. వద్దనుకునేటోళ్లు సభకొచ్చి మైకుల చెప్పాలె. చెప్పకపోతె ఉన్నట్టె లెక్క. పెద్ద పెద్ద దేశాలల్ల గిట్లనే నడుస్తది. ఆప్ట్-ఔట్ అంటరు."

ఈ వద్దనేవాళ్ల సౌకర్యం కోసమే రోజూ ఒక అవగాహన సదస్సు జరపాలని స్కీము నిబంధన. పొద్దున, సాయంత్రం పెళ్లిళ్లకు పోయే కమ్యూనిటీ హాలు మధ్యాహ్నం పూట ఖాళీగా ఉంటుంది. దాన్ని అక్కడ వాడీ అంటారు. కాబట్టి ప్రజాస్వామ్యానికి మధ్యాహ్నం దొరికింది. వాడీలో సొంత జనరేటరు ఉంది, పెళ్లివారి కోసం బిగించిన పెద్ద పెద్ద ఫ్యాన్లున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని మూలుగులు మూలిగినా అవి ఆగవు.

సారక్క కూర్చొని పక్కకు చూసేసరికి దేవదాసు నిద్రపోతున్నాడు. తూగడం కాదు, నోరు తెరుచుకొని గాఢంగా నిద్రపోతున్నాడు. నుదుటి మీద చెమట ఆరిపోయింది. ఆమెకు సంతోషంతో ఏడుపొచ్చింది. వేదిక మీద బుచ్చిరాములు గారు ఐక్యత మీద మాట్లాడుతుంటే ఆ మనిషి నూరేళ్లు బతకాలని మనసారా కోరుకుంది. ఆయన ఉపన్యాసానికి అంత నిజమైన దీవెన అంతకు ముందెన్నడూ దక్కలేదు.

మర్నాడు కరెంటు పోగానే సారక్క కంపెనీకి ఫోన్ చేసింది. మీ గల్లీ మండలిలో చేరింది గనుక మండలిని అడగమన్నారు. మండలి కార్యదర్శి సంపత్‌ను అడిగింది. అతను బుచ్చిరాములు గారి బావమరిది. తీగలు వాళ్లవైతే మనమెలా వేలు పెడతామని ఎంతో మర్యాదగా అడిగాడు. సారక్క ఫోన్ పక్కన పెట్టి, ఒక చాప చుట్టి, దిండు చంకన పెట్టుకొని, దేవదాసును లేపి వాడీకి నడిపించింది.

ఈ సంగతి గల్లీలో దాగలేదు. పక్కగది జమున తన మొగుడు లింగాన్ని తీసుకొచ్చింది. ఆ వారం తిరిగేసరికి రాత్రి పాళీ మగవాళ్లంతా లుంగీలతో, దుప్పట్లతో సదస్సుకు హాజరవడం మొదలుపెట్టారు. కుర్చీలు తీసేసి చాపలు పరిచారు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఫ్యాను కింద చోటు దొరక్క గొడవలు కూడా జరిగాయి. ఒక ప్రజానాయకుడి సభలో చోటు కోసం జనం కొట్టుకోవడం ఆ వార్డులో అదే మొదటిసారి.

జనం నిద్రపోతున్నారని బుచ్చిరాములు గారు గమనించలేదనుకుంటే ఆయన దూరదృష్టిని అవమానించినట్టే. మొదటి రోజే గమనించారు. సంపత్ మొహమాటపడుతూ ఆ మాట ఎత్తితే ఆయన నవ్వారు.

"అరే, నమ్మకమున్నోని ముంగటనే మనిషి కండ్లు మూస్తడు. ఫోటో తియ్."

సంపత్ తీశాడు. హాలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మనుషులతో నిండి ఉన్న ఆ ఫోటో కింద "అధ్యక్షుల ఉపన్యాసానికి సాగిలపడ్డ గోడాదరా" అని రాసి పంపితే ఒక స్థానిక పత్రిక వేసింది కూడా.

సదస్సులకు క్రమంగా ఒక సంప్రదాయం ఏర్పడింది. చప్పట్లు నిషేధం. జిందాబాద్‌లు పెదవులతో మాత్రమే అనాలి. ఆయన ఆవేశపడి గొంతు పెంచితే సారక్క వెంటనే లేచేది.

"అన్నా, జర మెల్లగ మాట్లాడుండ్రి."

ఆయన సర్దుకునేవారు. కొన్నాళ్లకు ఆయన గొంతుకు ఒక మెత్తదనం వచ్చింది. మాట్లాడటానికి విషయం అయిపోయింది గనుక స్కీము నిబంధనలు చదివారు. అవి అయిపోయాక వాటి గుజరాతీ ప్రతి చదివారు. ఆ తర్వాత తన జీవిత చరిత్ర ఎత్తుకున్నారు. సాయంత్రం ఆయన ముగించబోతే ఆడవాళ్లంతా చేతులు జోడించి, ఇంకో గంట మాట్లాడమని సైగలు చేసేవారు. అంత ఆదరణ చూసి ఆయన కళ్లు చెమర్చేవి.

ఫోటో చూసి పార్టీ నగర కార్యాలయం నుంచి జయేశ్‌భాయ్ అనే పరిశీలకుడు వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, మనుషుల మధ్య కాలు మోపడానికి సందు వెతుక్కుంటూ వేదిక చేరాడు.

"బుచ్చిభాయ్, మేం బస్సు పెట్టి, భోజనం పెట్టినా జనం గంటసేపు కూర్చోరు" అన్నాడు గుజరాతీలో, ఆశ్చర్యంతో. "మీవాళ్లు పరుపులతో వచ్చేశారు. కార్పొరేటర్ టికెట్ ఇంకెవరికిస్తాం? వచ్చే గురువారం మన పార్టీ పెద్దాయన్ని తీసుకొస్తాను, ఇదే జనం ఉండాలి."

బుచ్చిరాములు గారి గుండె పొంగింది. ఆ పొంగులో ఆయన ఒక పొరపాటు చేశారు. సారక్క మళ్లీ లేచి ట్రాన్స్‌ఫార్మర్ సంగతి అడిగితే, పరిశీలకుడి ముందు పెద్దరికం నిలుపుకోవాలి గనుక, "ఇంతేనా చెల్లె, వారంల వస్తది" అనేశారు. జయేశ్‌భాయ్ సంపత్ నోట దాని గుజరాతీ అనువాదం విని అక్కడికక్కడే ఎవరికో ఫోన్ చేశాడు.

వాగ్దానం నెరవేరడం ఎవరూ ఊహించని విపత్తు. సోమవారం పొద్దున కొత్త ట్రాన్స్‌ఫార్మర్ లారీలో వచ్చింది. సాయంత్రానికి బిగించారు. మంగళవారం మధ్యాహ్నం ఎండ ముదిరింది, గల్లీలో ఫ్యాన్లన్నీ తిరుగుతూనే ఉన్నాయి. దేవదాసు తన గదిలో, తన మంచం మీద, సాయంత్రం దాకా కదలకుండా పడుకున్నాడు. సారక్క గడప మీద కూర్చొని లోపల ఫ్యాను చప్పుడు వింది. ఆ రోజంతా ఆమెకు చిరిగిన చొక్కా గుర్తురాలేదు.

అదే సమయంలో వాడీలో బుచ్చిరాములు గారు జనరేటరు నడిపేవాడికి, సంపత్‌కు తన బాల్యం వివరిస్తున్నారు. సంపత్ మర్యాదగా మెలకువతో ఉన్నాడు.

బుధవారం కూడా అంతే. గురువారం పెద్దాయన వస్తున్నాడు.

ఇలాంటప్పుడే నాయకుడెవరో, మామూలు మనిషెవరో తేలిపోతుంది. గురువారం మధ్యాహ్నం కావస్తుండగా మైకు కట్టిన ఆటో గల్లీలన్నీ తిరిగింది. సంపత్ గొంతు వినిపించింది. మండలి సభ్యులంతా కలిసి కొనడమే కాదు, కలిసి పొదుపు చేయాలనే గొప్ప ఆలోచన అధ్యక్షులకు కలిగిందట. కనుక రోజూ మధ్యాహ్నం గల్లీలకు సరఫరా నిలిపివేసే తీర్మానాన్ని నేటి సదస్సులో ప్రవేశపెడతారట. తీర్మానం ఎలా ఉంటుందో సభ్యులకు అనుభవంలోకి రావాలి గనుక ఈ రోజు ప్రయోగాత్మకంగా ముందే ఆపుతారట. ఇష్టం లేనివాళ్లు వాడీకి వచ్చి మైకులో చెప్పుకోవచ్చట. ఆటో మలుపు తిరగ్గానే కొత్త ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎవరో స్విచ్ దించారు.

దేవదాసుకు అప్పుడే కన్ను అంటుకుంది. చెమటతో లేచి కూర్చున్నాడు. "మల్ల పోయిందా?"

"పోలే. బంద్ జేసిండ్రు" అంది సారక్క. కోపంగా గోడవారనున్న చాప అందుకుంది. "లే. నేను పోయి వద్దని చెప్పి వస్త. ఇయ్యాల చెప్పకుంటె ఇగ ఎన్నడు చెప్పేది?"

దారి పొడుగునా ఆమె ఆ మాటలు కూర్చుకుంటూ నడిచింది. అన్నా, మాకు పొదుపు వద్దు, మా పంఖా మాకియ్యుండ్రి. ఇంతే చెప్పాలి. జమున, మిగతా ఆడవాళ్లు కూడా మండలిని తిట్టుకుంటూ, చాపలు మోసుకుంటూ, మొగుళ్లను నడిపించుకుంటూ వచ్చారు. వాడీ మళ్లీ గోడ నుంచి గోడకు నిండింది. చల్లటి గాలికి మగవాళ్లు ఒక్కొక్కరే ఒరిగిపోయారు. వేదిక మీద పెద్దాయన ఖద్దరు చొక్కాలో నిశ్చేష్టుడై చూస్తున్నాడు.

బుచ్చిరాములు గారు చంటిపిల్లను పడుకోబెట్టే గొంతుతో తీర్మానం చదివారు. "వద్దనేటోళ్లు ముంగటికొచ్చి చెప్పాలె" అని మైకు వదిలి ఒక పక్కకు జరిగారు.

సారక్క లేచింది. మనుషుల మధ్య కాళ్లు చూసుకొని వేస్తూ వేదిక దాకా వెళ్లింది. మైకు దగ్గర నోరు తెరవగానే ఆమె ఊపిరే హాలంతా బుస్సుమని మోగింది. నాలుగు వరుసల్లో మనుషులు కదిలారు. ఒకతను తల ఎత్తి, ఎక్కడున్నానో తెలియక చుట్టూ చూశాడు. సారక్క గబుక్కున మైకుకు అరచెయ్యి అడ్డం పెట్టింది.

వెనక్కి చూసింది. ఆడవాళ్లంతా మొగుళ్ల తలాపిన కూర్చొని ఆమెనే చూస్తున్నారు. దారిలో అందరికంటే గట్టిగా తిట్టిన జమున ఇప్పుడు పెదవుల మీద వేలు పెట్టుకొని, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది. లింగం ఆమె ఒళ్లో పడుకొని ఉన్నాడు. దేవదాసు మొన్నటి చోటే దొరికించుకొని పక్కకు తిరిగి పడుకున్నాడు. కుడి చెయ్యి చాప దాటి గచ్చు మీదికి జారింది. తెగిన పోగు ముడివేస్తున్నట్టు వేళ్లు నిద్రలోనే కదులుతున్నాయి. ఈ రాత్రి మళ్లీ సాంచల మధ్య నిలబడాలి.

"చెప్పు చెల్లె" అన్నారు బుచ్చిరాములు గారు గుసగుసగా, ఎంతో గౌరవంతో. "నీ హక్కు."

సారక్క ఆయన ముఖంలోకి చూసింది. ఆమెకు తెలిసిన తిట్లన్నీ గొంతు దాకా వచ్చాయి. మైకు మీది చెయ్యి తియ్యకుండానే వెనక్కి తిరిగి, కాళ్లు చూసుకొని వేస్తూ వెళ్లి తన చోట కూర్చుంది.

"ఒక్కరంటే ఒక్కరు వ్యతిరేకించలేదు" అన్నాడు పెద్దాయన, జయేశ్‌భాయ్ చెవిలో. "నా నలభై ఏళ్ల రాజకీయంలో ఇంత క్రమశిక్షణ చూడలేదు." టికెట్ అప్పుడే ఖాయమైంది.

ఏకగ్రీవం అని పెదవులతో ప్రకటించి బుచ్చిరాములు గారు రెండో తీర్మానం తీశారు. మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటున్న కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌ను పక్క వార్డుకు ఉదారంగా బహూకరించడం గురించి అది. మెల్లగా, చాలా మెల్లగా చదవసాగారు. సారక్క దేవదాసు చేతిని చాప మీదికి జరిపి, బుచ్చిరాములు గారి చేతిలో చదవాల్సినవి ఇంకా ఎన్ని కాగితాలున్నాయో అని ఆశగా చూసింది.