ఏనుగు మోసిన తేలిక కెమెరా

ఒక పెద్ద అడవిలో, పెద్ద అడవులన్నిటిలోనూ ఉన్నట్టే, ఒక సలహా సంఘం ఉండేది. దాని పేరు తొలిసారి కెమెరా కొనేవారి మార్గదర్శక మండలి. ఆ మండలి సర్టిఫికెట్ లేనిదే కొత్తవాళ్లకు దుకాణంలో కెమెరా ఇవ్వకూడదు.

అధ్యక్షుడు దంతేశ్వరరావు అనే ఏనుగు. సభ్యులు వీర్రాజు అనే చిరుతపులి, కిష్కింధయ్య అనే కోతి. ప్రయాణాలకు ఏ కెమెరా మంచిదో తీర్పు చెప్పే ఈ ముగ్గురూ అడవి పొలిమేర ఏనాడూ దాటలేదు.

మొదట్లో ఒక జింక కూడా ఉండేది. ఒకరోజు ఎవరితోనో "నీకు ఇది చాలమ్మా" అనేసింది. చాలు అని చెప్పడానికి ఇంత పెద్ద మండలి ఎందుకని ఆమెను మర్నాడే తీసేశారు.

అలాంటి మండలి ముందుకు సుభద్ర అనే ముంగిస వచ్చింది.

ఆమె పని చిన్నది. పొరుగున ఉండే కొంగ తాతకు రెక్క విరిగి మూడేళ్లయింది. ఆయన పుట్టిన చెరువు కొండ అవతల ఉంది. ఏటా ఆయన బంధువులంతా అక్కడ పిల్లల్ని పెంచుకుని, ఎండలు ముదరగానే ఒక్కసారిగా ఎగిరిపోతారు.

"మా వాళ్లంతా ఒక్కచోట ఉన్న ఫొటో తెచ్చిపెట్టమ్మా. ఎగిరి వెళ్లి చూసే యోగం ఎలాగూ లేదు," అన్నాడు తాత. సుభద్ర మాట ఇచ్చేసింది. కొంగలు వెళ్లిపోవడానికి ఇంక పది రోజులే ఉంది.

దుకాణం నడిపే తాబేలు ఆమెకు ఒక చిన్న మిర్రర్‌లెస్ కెమెరా చూపించింది. "లోపల అద్దం ఉండదు, అందుకే ఇంత తేలిక. లెన్స్ దీంతోపాటే వస్తుంది," అంది. సుభద్ర దాన్ని మెడలో వేసుకుని రెండు గంతులు వేసి చూసుకుంది. ఎక్కడా అడ్డం రాలేదు. సర్టిఫికెట్ ఒక్కటే తక్కువ.

"పరుగెత్తే లేడిని తీయాల్సి వస్తే?" అన్నాడు చిరుత, ఆ కెమెరా కేసి జాలిగా చూస్తూ. "రెప్పపాటులో ఫోకస్ పట్టాలి. దీనివల్ల ఏమవుద్ది?"

"కొంగలు ఒంటికాలి మీద కదలకుండా నిలబడతాయి కదండీ."

"కొత్తదానివి, నీకు తెలీదు."

కోతి ముందుకు జరిగాడు. చెట్టు దిగకుండానే నలభై కెమెరాల మీద వీడియోలు చేసిన ఘనుడు. "స్క్రీన్ ముందుకు తిరగాలి. లేకపోతే నీ మొహం నీకెలా కనబడుద్ది?"

"నా మొహం ఎందుకండీ? తాత రోజూ చూసేదేగా."

ఏనుగు గొంతు సవరించుకున్నాడు. "దూరానికి ఒక లెన్స్, దగ్గరికి ఒకటి, మధ్యస్తంగా ఇంకొకటి. చెయ్యి వణక్కుండా స్టాండు. ఒక కెమెరా మొరాయిస్తే పనికొచ్చేట్టు రెండో కెమెరా."

"తేలిగ్గా ఉంటుందనే కదండీ అద్దం లేనిది..."

"తేలికే తల్లీ! అద్దం ఉంటే ఇంకా బరువు."

ఈ చర్చ ఎనిమిది రోజులు సాగింది. చివరికి సర్టిఫికెట్‌తో పాటు మూడు ముంగిసలంత సంచీ సుభద్ర చేతికొచ్చింది. ఆమె దాన్ని కొండ మొదలుదాకా ఈడ్చుకుంటూ వెళ్లి, అక్కడ కూలబడి ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని తిన్నగా మండలికి వెళ్లింది.

"మీరే చెప్పారు, మీరే మోయండి!"

అడవంతా చూస్తోంది. కాదంటే పరువు పోతుంది. ఏనుగు సంచీ వీపున వేసుకున్నాడు. పరిశీలన పేరుతో చిరుత బయల్దేరాడు. కోతి ఏనుగెక్కి వీడియో మొదలుపెట్టాడు.

పదో రోజు పొద్దున చెరువు చేరారు. గట్టు కనబడకుండా కొంగలు! సుభద్ర సంతోషంతో ముగ్గురి వైపు తిరిగింది.

"మీకు దణ్ణం పెడతాను, కదలకండి. ఆ చిన్న లెన్స్ ఇటివ్వండి," అంది మెల్లగా.

"ముందు స్టాండు," అంటూ ఏనుగు ధబధబా నీళ్లలోకి దిగాడు. "ముందు ఫోకస్," అంటూ చిరుత గట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు. ఒక కొంగ మెడెత్తి చూసింది. దానికి చిరుత కనబడ్డాడు. అంతే! ఆకాశం ఒక్క క్షణం తెల్లబడింది. ఏ లెన్స్ బిగించాలో కోతి తేల్చుకునేసరికి చెరువులో ఒక్క ఈక కూడా మిగల్లేదు.

అయినా మండలి ఫొటో తీసింది. దాన్ని పెద్దదిగా అచ్చు వేయించి ఇచ్చింది.

తాత దాన్ని చాలాసేపు చూశాడు. "నీళ్లు ఎంత బాగా పడ్డాయమ్మా! అడుగున గులకరాళ్లు కూడా కనబడుతున్నాయి," అన్నాడు. ఫొటో వెనక్కి తిప్పి చూసి, "మా వాళ్లేరీ?" అని అడిగాడు.



ఎక్కడా మసక లేదన్న కారణంగా, ఆ ఏటి ఉత్తమ ఛాయాచిత్రంగా మండలి ఆ ఫొటోనే ఎంపిక చేసి, బహుమతి తనకు తానే ఇచ్చుకుంది.

నీతి: కెమెరా ఎంచడం నిపుణుల గొప్ప, ఎగిరిపోవడం కొంగల తప్పు.