లేనట్టు ధ్రువీకరించిన బీల

పర్యావరణ నివేదికలో లేదని రాసినందువల్ల, గెడ్డవానిపేట పక్కనున్న పెద్దబీల సోమవారం ఉదయం పదిన్నర నుంచి కనిపించడం మానేసింది. బీల అంటే ఏడాది పొడుగునా మోకాలి లోతు నీరు నిలిచే పల్లపు నేల. నీళ్లు ఎక్కడికీ పోలేదు. కప్పలు అరుస్తూనే ఉన్నాయి. కంటికి మాత్రం ఎండిన మైదానం. కరెంటు ప్లాంటు కోసం ఆ నివేదిక రాసినవాళ్లు మే నెలలో ఒక పూట వచ్చి, కారు దిగకుండా చూసి వెళ్లారని ఊళ్లో అందరికీ తెలుసు. ఆ నివేదికకి ఆమోదం దొరికిందన్న సంగతి బీల మాయమయ్యాకే తెలిసింది.

ఆ వేళకి కొమర తవిటమ్మ బీలలో తుంగ కోస్తోంది. ముప్ఫయ్యేళ్లుగా ఆ తుంగతో చాపలు అల్లి బతుకుతున్న మనిషి. చేతిలో కొడవలి కనిపిస్తోంది గానీ కోసిన తుంగ కనిపించలేదు. ఒక్క క్షణం ఆగి, తడిమి చూసుకుని, మళ్లీ కోసింది. ఆ వారం అల్లిన చాపలూ కనిపించలేదు. సంతలో జనం మొదట తటపటాయించి, తర్వాత చేత్తో నిమిరి నేత చూసుకుని కొనడం నేర్చుకున్నారు.

వ్యాపారానికి ఢోకా లేదు. తవిటమ్మ బెంగల్లా వానాకాలం గురించే. బీలను పూడ్చేస్తే కొండల మీది నీరు సరాసరి ఊరి మీద పడుతుంది. ఆ మాటే అర్జీలో రాయించి మండలాఫీసులో ఇచ్చింది. విచారణకి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఈశ్వర్రావు వచ్చాడు. నిబంధన ప్రకారం మైదానం మధ్యదాకా నడిచి, తిరిగొచ్చాడు.

"ఎక్కడమ్మా నీళ్లు?" అన్నాడు.

"మీ పేంటుకున్నాయి కద బాబూ."

ఈశ్వర్రావు మోకాళ్ల దాకా తడిసిన ప్యాంటు పిండుకున్నాడు. మంచివాడే, అబద్ధం రాయడు. "స్థలం పొడిగా ఉన్నది. విచారణాధికారి తడిగా ఉన్నాడు" అని రాసి సంతకం పెట్టాడు.

ప్రజాభిప్రాయ సేకరణ స్కూలు ఆవరణలో షామియానా వేసి జరిపారు. తవిటమ్మ మైకు దగ్గరికి వెళ్లి, నెత్తి మీది, కంటికి కనిపించని పచ్చి తుంగ మోపును అధికారి బల్ల మీద దించింది. కాగితాలు తడిసి ముద్దయ్యాయి.

"నాను ప్లాంటొద్దనట్లేదు బాబూ. వానల్లో వచ్చి, దిగి, కొలిసి రాయండి. అప్పుడు సెప్పండి ఎక్కడ కట్టాలో."

"లేనిదాని మీద అభ్యంతరం రాసుకోవడానికి ఫారంలో గడి లేదమ్మా," అన్నాడు అధికారి, తడిసిన కాగితాలు ఎండలో ఆరేసుకుంటూ. తవిటమ్మ మాటకి చప్పట్లు కొట్టిన రెండొందల మందిని "ప్రజలు హర్షధ్వానాలు చేశారు" అని నమోదు చేశారు.

పనులు మొదలైన రోజున మొదటి పొక్లెయిను నాలుగడుగులు నడిచి, మైదానంలో నడుం దాకా దిగబడింది. డ్రైవరు కేబిన్ పైకెక్కి కూచున్నాడు. మగవాళ్లు తాళ్లేసి వాణ్ని లాగారు. తవిటమ్మ గంజి తాగించింది. ఇంజనీరు మట్టి పోయించబోతే ఆడిట్ వాళ్లు ఒప్పుకోలేదు. నివేదిక ప్రకారం నేల చదును. చదును నేలని పూడ్చడానికి మంజూరు ఉండదు. పూడ్చాలంటే పల్లం ఉందనాలి, పల్లం ఉందనాలంటే మళ్లీ సర్వే చెయ్యాలి.

అలా రెండో సర్వే వచ్చింది. ఈసారి వచ్చినవాళ్లు నాలుగు నెలలు బురదలో తిరిగి, చేపల్నీ కొంగల్నీ లెక్కపెట్టారు. ఆ నివేదిక ఆమోదం పొందిన మధ్యాహ్నం పెద్దబీల ఉన్నపళంగా కనిపించింది. ఆకాశమంత నీరు, గాలికి ఊగే తుంగ, నీటి నిండా పక్షులు. తవిటమ్మ గట్టు మీద చతికిలబడి కరువుదీరా చూసింది. ఊరంతా పాయసం వండుకున్నారు.

అయితే బీలను కాపాడాలి గనక ప్లాంటును కాస్త తూర్పుకి జరిపారు. తూర్పున ఉన్నది గెడ్డవానిపేట. చేపల్నీ కొంగల్నీ లెక్కపెట్టిన ఆ కొత్త నివేదికలో అక్కడ "జనావాసం లేదు" అని ఉంది. పాయసం గిన్నెలు కడుగుతుండగానే ఇళ్లూ మనుషులూ కనిపించడం మానేశారు.

ఇప్పటికి మూడేళ్లు. మొదట్లో ఒకరినొకరు గుద్దుకునేవారు. ఇప్పుడు దగ్గి, గొంతు గుర్తుపట్టి పక్కకి తప్పుకుంటున్నారు. లేని ఊరిని ఖాళీ చేయించడానికి ఉత్తర్వు ఎవరి పేరున ఇవ్వాలో తేలక ప్లాంటు ఆగింది. తవిటమ్మ తమ్ముడు సూరప్పడు, ఊరి తరఫున మళ్లీ అర్జీ పెడదామన్నాడు.

"ఒద్దురా," అందావిడ. "బీల ఉంది, కొంప ఉంది. కనబడితే కద ఎల్లిపొమ్మంటారు. ఈలాగే బాగుంది."

ఒక్క పోలింగు రోజున మాత్రం పొద్దున్న ఏడింటికి ఊరు ఊరంతా కనిపిస్తుంది. ఓటర్ల జాబితా వేరే శాఖది. ఆ రోజు అందరూ ఉతికిన బట్టలు కట్టుకుని ముందే వచ్చి వరసలో నిలబడతారు. "ఎంత సన్నబడిపోనావే, పిల్లా" అని ఒకరి చెంపలొకరు నిమురుకుంటారు. నాయకులొచ్చి పేరు పేరునా పలకరించి, చేతులు పట్టుకుంటారు. సాయంత్రం ఆరింటికి పోలింగ్ బూత్ తలుపు మూస్తారు. జనం తృప్తిగా, తొందరేమీ లేకుండా, మాటలు చెప్పుకుంటూ ఇళ్ల వైపు నడుస్తారు. మలుపు దాకా మనుషులు కనబడతారు. ఆ తర్వాత మాటలే వినబడతాయి.