గురువారం సభలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు

విశ్వవిద్యాలయం పాత గ్రంథాలయం మేడమీద గురువారం సాయంత్రాలు జరిగే గణిత సభలో ఒకరికి ఏదైనా నిజంగా అర్థమైతే, అక్కడే కూర్చున్న మరొకరు దానికి సరితూగేది ఏదో ఒకటి మరిచిపోయేవారు.

ఈ సంగతి మొదటి నెలలోనే బయటపడింది. ఎవరూ పెద్దగా కంగారు పడలేదు. సభ పెట్టింది గణితశాఖలో రిటైరైన వేదాచలం మాస్టారు. పై స్థాయి లెక్కల్లోని ఆలోచనలు మిగతా శాఖలవాళ్ళ చెవిన కూడా పడాలని ఆయన కోరిక. వేదిక, దండలు, వందన సమర్పణలు ఉండవు. నల్లబల్ల, టీ, మిరపకాయ బజ్జీలు, వారానికొక వక్త. అంతే. రసాయనశాస్త్రం లెక్చరర్‌కు సౌష్ఠవం గురించి ఓ ముక్క అర్థమైన రోజున లైబ్రేరియన్ తన స్కూటర్ నంబరు మరిచిపోయాడు. ఇంకో వారం ఎవరికో అంతకన్నా పెద్దదేదో అర్థమైంది కాబోలు, ఎకనామిక్స్ మేడమ్‌కు ఈల వేయడం రాకుండా పోయింది.

రిజిస్ట్రారు కార్యాలయం వెంటనే ఒక ఫారం తయారుచేసింది. పేరు, శాఖ, అర్థమైన విషయం, మరిచిపోయిన విషయం (గుర్తుంటే). మూడు ప్రతులు. వాటిని నింపించడానికి అసిస్టెంట్ రిజిస్ట్రారు బంగారయ్యను నియమించారు. ఆయన నల్లబల్లకు వీపు తిప్పి, సభికుల ముఖాలు కనిపించేలా కూర్చునేవాడు.

కొన్నాళ్ళు జనం నిజాయితీగానే రాశారు. తర్వాత మరుపులు రాసేవాళ్ళే తప్ప అర్థమైందని రాసేవాళ్ళు లేకుండా పోయారు. తనకు అర్థమైందని ఒప్పుకుంటే, పక్కవాడి సొత్తు పోయింది తన వల్లేనని ఒప్పుకున్నట్టే కదా. అక్కడినుంచి అందరూ నల్లబల్లను వదిలేసి ఒకరినొకరు చూడటం మొదలుపెట్టారు. తల ఊపడం నిషేధించారు. నోట్సు రాసుకోవడాన్ని ప్రాథమిక సాక్ష్యంగా పరిగణిస్తామని సర్క్యులర్ వచ్చింది. ఒకాయన బజ్జీ కొరికి "ఓహో" అన్నందుకు రెండు వారాలు సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది.

వృక్షశాస్త్రం చెప్పే నీరజాక్షి ఇవన్నీ తెలిసే వచ్చేది. పదకొండేళ్ళుగా ఆమెను ఒక ప్రశ్న వదలడం లేదు. ఒకే బాదం చెట్టు ఆకుల్ని పురుగు ఒకేలా తొలిచినా, కొన్ని ఆకులు ఎండిపోతాయి, కొన్ని కన్నాలతోనే పచ్చగా ఉంటాయి. ఎందుకు? ఆకుల ఈనెల పొడవు కొలిచింది, మందం కొలిచింది, జవాబు దొరకలేదు. వేరే శాఖలో ఎవరి నోటనైనా దొరుకుతుందేమోనని ఆశ.

ఆ ఆశకు ఆమె కొంత పోగొట్టుకుంది కూడా. కిందటేడు శ్రావణంలో ఒక సభ ముగించుకుని ఇంటికెళ్ళి పొయ్యి ముందు నిలబడితే చారు పెట్టడం ఎలాగో తోచలేదు. వాళ్ళమ్మ చేతి చారు అది. చింతపండు ఎదురుగానే ఉంది, దాన్ని ఏం చెయ్యాలో తెలియలేదు. ఆవేళ పక్కన కూర్చున్నది ఫిజిక్స్ ప్రభుదాసు. మరుసటి నెల ఆయన వ్యాసం ఒకటి అచ్చయింది. నీరజాక్షి ఏమీ అనలేదు. ఆయన పక్కనే కూర్చునేది, ఆయన తెచ్చిన బజ్జీలు తినేది, ఏడాదిగా ఆయన్ని అనుమానిస్తూనే ఉంది.

ఆ గురువారం వక్త ఖాదర్ వలీ, గణితశాఖలో కొత్తగా చేరిన మనిషి. అతనికి ఇంకా ఈ సభలో ఎలా మాట్లాడాలో తెలియదు, అందుకని స్పష్టంగా మాట్లాడాడు. చేపల వల బొమ్మ గీశాడు. ముడులు లెక్కపెట్టండి, ముడికీ ముడికీ మధ్యనున్న పోగులు లెక్కపెట్టండి, పోగుల్లోంచి ముడులు తీసేసి ఒకటి కలపండి, వలలో ఎన్ని చుట్లున్నాయో తేలిపోతుంది అన్నాడు. వలను సాగదీసినా నలిపినా ఆ అంకె మారదట. ఒక పోగు తెగితే ఒక చుట్టు పోతుందట. చుట్టు ఉన్నంతసేపూ ఇటు దారి మూసుకుపోయినా అటునుంచి తిరిగి రావచ్చట.

నీరజాక్షికి అర్థమైంది. ఈనెల పొడవూ కాదు, మందమూ కాదు. చుట్లు. చుట్లు ఎక్కువున్న ఆకులో నీళ్ళు కన్నాన్ని తప్పించుకుని వేరే దారిన పోతాయి. పదకొండేళ్ళ బరువు ఒక్క క్షణంలో దిగిపోయింది. ఆమె ముఖం కదలనివ్వలేదు. బంగారయ్య చూపు తన మీదకు వచ్చేసరికి ఆవలించింది.

సభ ముగిశాక ఎప్పటిలాగే నిర్ధారణ జరిగింది. ఒక్కొక్కరూ తమ పేరు, ఇంటికి దారి, పిల్లల పేర్లు, పన్నెండో ఎక్కం చెప్పాలి. అందరూ చెప్పారు. ప్రభుదాసు వంతు వచ్చినప్పుడు ఆయన పిల్లల పేర్లు "ప్రిస్కిల్లా, జోయెల్" అన్నాడు. బంగారయ్య రెండూ రాసుకుని టిక్కు పెట్టాడు. పేర్లు ఎక్కువ చెప్పడం మరుపు కిందికి రాదు.

నీరజాక్షి తల తిప్పి ప్రభుదాసును చూసింది. ఆయన ఇన్నాళ్ళూ ఒక్క పేరే చెబుతున్నాడు. తొమ్మిదేళ్ళ జోయెల్ విషజ్వరంతో పోయినప్పుడు ఆమె కూడా సమాధి దగ్గరికి వెళ్ళి ఒక గుప్పెడు మట్టి వేసి వచ్చింది. ఆయనేమో పెన్ను జేబులో పెట్టుకుని, చిన్నోడికి బజ్జీలంటే ఇష్టం, రెండు పొట్లం కట్టమని టీ అబ్బాయిని అడిగి తీసుకున్నాడు. ఆమె తన ఫారంలో రెండు గడుల్లోనూ 'లేదు' అని రాసింది.

శనివారం ప్రభుదాసు భార్య సువార్తమ్మ ల్యాబ్‌కు వచ్చింది. ఎండబెట్టి అతికించిన ఆకుల మధ్య స్టూలు మీద కూర్చుంది. తర్వాత జరిగింది చెప్పింది. ఆయన ఇంటికి వచ్చి జోయెల్ ఏడని అడిగాడు. ట్యూషన్‌కి వెళ్ళాడేమోనని వీధి చివరిదాకా వెళ్ళి చూసి వచ్చాడు. ఇక ఆమే చెప్పవలసి వచ్చింది.

"నేను చెప్పానండి. మొదటిసారి విన్నట్టే విన్నారు," అంది సువార్తమ్మ. "నాకిది నాలుగో ఏడు మేడమ్ గారూ. ఆయనకి మొన్నే మొదటి రోజు. మా ఇంట్లో ఇప్పుడు రెండు రకాల ఏడుపు."

నీరజాక్షి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆ రోజు ఎవరికైనా ఏదైనా అర్థమైందాండీ? మీరు పక్కనే కూచున్నారంట కదా."

"ఎవరికీ కాలేదు సువార్తమ్మ గారూ. చాలా కష్టమైన ప్రసంగం అది."

సువార్తమ్మ ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత టేబుల్ మీది ఆకుల్ని చూసింది. ఒక ఆకు పక్కన కాగితం మీద పెన్సిలుతో చుక్కలూ గీతలూ, కింద ఒక చిన్న తీసివేత. దాన్ని ఆమె చదివిందో లేదో తెలియదు. కొంగు సర్దుకుని లేచి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే నీరజాక్షి వేదాచలం మాస్టారింటికి వెళ్ళింది. ఎవరి సంగతో అడుగుతున్నట్టు, పోయింది తిరిగొచ్చిన దాఖలాలు ఉన్నాయా అని అడిగింది. అర్థమైనవాళ్ళు అది మానుకుంటే అవతలివాళ్ళది వెనక్కి రాదా అంది.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తిరిగొస్తుందా అని అడుగుతున్నావా అమ్మా, తిరిగివ్వొచ్చా అని అడుగుతున్నావా?"

ఆమె కాఫీ గ్లాసు అందుకుంది. ఆయన గుచ్చి అడగలేదు. అర్థమైనదాన్ని కాకుండా చేసుకునే పద్ధతి లెక్కల్లో లేదన్నారు. కాసేపటికి గొంతు తగ్గించి తన సంగతి చెప్పారు. కిందటేడు శ్రావణంలో ఎవరో కుర్రవాడు ప్రసంగిస్తుంటే, తాను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన విషయమే ఆయనకు మొదటిసారి అర్థమైందట. "లెక్కల మాస్టారుకి కొత్తగా అర్థమయ్యేదేముంటుందని నన్నెవరూ అడగలేదు. ఎవరిదేం పోయిందో ఈనాటికీ తెలీదు."

తన చారు పోయిన గురువారమే అది. నీరజాక్షికి ప్రభుదాసు బజ్జీల పొట్లం కళ్ళముందు మెదిలింది. ఏడాది పాటు ఏ పాపం తెలియని మనిషిని అనుమానించి, చివరకు తానే ఆయన ఇంట్లో చెయ్యి పెట్టింది. పోయింది నా చారేనని ఆమె మాస్టారుతో అనలేదు. అంటే తన సంగతీ చెప్పవలసి వస్తుంది. కాఫీ తాగి వచ్చేసింది.

సువార్తమ్మ ఫిర్యాదు మీద కార్యాలయం సత్వరం స్పందించింది. నిర్ధారణలో ఒక ప్రశ్న చేర్చింది: మీ కుటుంబంలో మరణించినవారు ఎవరు? ఆపై గురువారం ప్రభుదాసు దానికి సరైన జవాబు చెప్పి, గోడ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. టిక్కు పడింది. ఖాదర్ వలీని పిలిచి మందలించారు. అతను తెలివైనవాడు, రెండోసారి ప్రసంగించినప్పుడు ఒక్కరికీ ఏ హానీ జరగలేదు. తక్కినవాళ్ళూ ఆ మెళకువ నేర్చుకున్నారు. హాజరు పెరిగింది. వరసగా ఇరవై వారాలు గ్రహణం సున్నా, విస్మరణ సున్నా. తనిఖీకి వచ్చిన సంఘం సభకు అత్యుత్తమ శ్రేణి ఇచ్చింది.

ఫిబ్రవరిలో నీరజాక్షి వంతు వచ్చింది. ఆకుల గురించే మాట్లాడక తప్పలేదు. అరవై నాలుగు స్లైడులు చేసుకుంది. వల బొమ్మ పెట్టలేదు. 'చుట్టు' అన్న మాటకు బదులు పదహారక్షరాల పదం ఒకటి వాడింది. ముడుల అంకె ఒక స్లైడులో, పోగుల అంకె ఇరవై స్లైడుల తర్వాత వచ్చేటట్టు చూసుకుంది. అన్నీ నిజాలే. ఒక్కటి కూడా అబద్ధం చెప్పలేదు.

నలభై మూడో స్లైడు దగ్గర మూడో వరసలో ఒక పరిశోధక విద్యార్థిని వీపు నిటారుగా పెట్టింది. పెదవులు కొద్దిగా తెరుచుకున్నాయి. కళ్ళలోకి వెలుగు రాబోతోంది. ఆ అమ్మాయి పక్కనే ప్రభుదాసు కూర్చుని ఉన్నాడు. నీరజాక్షి గబుక్కున తర్వాతి స్లైడుకు వెళ్ళిపోయింది. అమ్మాయి ముఖం మళ్ళీ మామూలుగా అయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రభుదాసు అందరికన్నా ఎక్కువసేపు కొట్టాడు.

ఈ ప్రసంగ పద్ధతి వల్ల కలిగిన భద్రతను గమనించి, జూన్ నుంచి అనుబంధ కళాశాలల తరగతి గదులన్నిటిలోనూ దీన్ని అమలు చేయాలని విశ్వవిద్యాలయం ఉత్తర్వు ఇచ్చింది. అధ్యాపకులకు ప్రత్యేక శిక్షణ అవసరం పడలేదు. తల్లిదండ్రుల నుంచి ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ రాలేదు.